సిరిమాను దారిలో ఎవరి లోగో?

దసరా వెళ్లాక వచ్చే మంగళవారం, పైడితల్లి సిరిమానోత్సవం రోజున, విజయనగరంలో మేడ ఉన్నవాళ్లకి చుట్టాలు ఎక్కువ. మూడు లాంతర్ల నుంచి కోట దాకా పిట్టగోడల మీద, వాటర్ ట్యాంకుల మీద, తెరిచిన ప్రతి కిటికీలోనూ జనమే. ముందు పాలధార, జాలరి వల, తెల్ల ఏనుగు, అంజలి రథం కదులుతాయి. వాటి వెనక యాభై అరవై అడుగుల చింతమాను, అదే సిరిమాను, దాని చివర గాల్లో ఊగే ఆసనం, అందులో పైడితల్లి అమ్మవారి పూజారి. కింద నుంచి అరటిపళ్లు ఎగురుతూనే ఉంటాయి. గుడికీ కోటకీ మధ్య సిరిమాను మూడుసార్లు తిరిగేసరికి పొద్దు వాలిపోతుంది.

అదే దారిలో కాస్త తల దించితే కదలని ఊరేగింపు ఇంకోటి కనిపిస్తుంది. బంగారం షాపు ఆర్చి, కార్పొరేట్ కాలేజీ ఫ్లెక్సీ, లేఔట్ వెంచర్ బోర్డు, మంచినీళ్ల టెంటు మీద కంపెనీ పేరు. ఇవన్నీ మనకి అలవాటైపోయాయి. కొత్తగా కనిపిస్తున్నది వేరే ఉంది. పండగ అయిన కొన్నాళ్లకి ప్రచారం చేసిపెట్టే ఏదో ఒక ఏజెన్సీ సోషల్ మీడియా పేజీలో "ఈ సీజన్లో మా పని: సంస్కృతి, క్రీడలు, వ్యాపారం" అని ఒక జాబితా వస్తుంది. ఒక ఉత్సవం, ఒక మారథాన్, ఒక షోరూం ప్రారంభోత్సవం, పక్కన "ఇన్ని లక్షల మందికి చేరాం" అని ఒక అంకె. అలాంటి పోస్టు ఒకటి మా వీధి వాట్సాప్ గ్రూపులో పడితే, రిటైరైన మాస్టారు ఒకాయన అడిగారు: "అమ్మవారి పండక్కి పీఆర్ ఏటండీ? సిరిమాను తిరుగుతాదని ఎవరికి తెలీదు?"

ఆ ప్రశ్నకి గ్రూపులో నవ్వే బొమ్మలు తప్ప జవాబు రాలేదు. నిజానికి అడగాల్సిన ప్రశ్నే అది. జవాబు చెప్పాలంటే ఏజెన్సీ అంటే ఏమిటో, డబ్బు ఎటు నుంచి ఎటు వెళుతుందో కొంచెం విప్పి చూడాలి.

మూడు రకాల పని, ఒకే పేరు

మన దగ్గర "ఏజెన్సీ వాళ్లు" అనే మాట కింద కనీసం మూడు పనులు కలిసిపోయాయి. పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి ఉన్నాడనుకుందాం. తన సరుకు విశాఖ, హైదరాబాద్ షాపుల్లో అమ్ముడుపోవాలని ఆయన కోరిక.

ఆయన యాడ్ ఏజెన్సీ దగ్గరకి వెళితే, వాళ్లు బొమ్మా మాటా తయారుచేసి, పేపర్లోనో టీవీలోనో జాగా కొంటారు. ఆ జాగాలో ప్రతి అక్షరం వ్యాపారి ఇష్టం. చదివేవాడికి కూడా అది ఆయన డబ్బుతో వేసుకున్నదని తెలుసు. ఏజెన్సీకి పేపరు నుంచి కమిషన్ వస్తుంది. మన దేశంలో చాలాకాలంగా నడుస్తున్న లెక్క 15 శాతం.

ఈవెంట్ కంపెనీ దగ్గరకి వెళితే పందిరి, మైకు, లైట్లు, యాంకర్, వచ్చినవాళ్లకి భోజనాలు వాళ్లు చూసుకుంటారు.

మూడోది కమ్యూనికేషన్స్ ఏజెన్సీ, పాత పేరు పీఆర్, అంటే పబ్లిక్ రిలేషన్స్. వీళ్లు జాగా కొనరు. వ్యాపారి గురించి ఇంకొకరు మాట్లాడేలా చూస్తారు. ఆ ఇంకొకరు విలేకరి కావచ్చు, రీల్స్ చేసే కుర్రాడు కావచ్చు, వంటల ఛానెల్ నడిపే ఆవిడ కావచ్చు. మన గురించి మనం చెప్పుకుంటే డప్పు. పక్కవాడు చెబితే నమ్మకం. ఏజెన్సీ అమ్మే సరుకంతా ఈ తేడాలోనే ఉంది. అందుకు సాధారణంగా నెలకి ఇంత అని ఫీజు తీసుకుంటుంది, దాన్ని రిటైనర్ అంటారు. లేదా ఒక్కో పనికి విడిగా మాట్లాడుకుంటారు.

ఇది ప్రైవేటు వ్యాపారమే అనుకోవడం పొరపాటు. ప్రతి జిల్లాలో ప్రభుత్వానికి సమాచార పౌరసంబంధాల శాఖ ఉంది. కలెక్టర్ సమీక్ష చేసిన సాయంత్రానికి ఫొటోతో సహా విలేకర్లకి అందే ప్రెస్‌నోట్ జిల్లా పౌరసంబంధాల అధికారి (డీపీఆర్‌వో) ఆఫీసు నుంచి వచ్చేదే.

ప్రెస్‌నోట్ పద్ధతికి ఓ శతాబ్దం పైనే వయసు. 1906లో అమెరికాలో రైలు ప్రమాదం జరిగినప్పుడు, ఆ రైల్వే కంపెనీకి పనిచేస్తున్న ఐవీ లీ దాన్ని దాచిపెట్టే బదులు వివరాలు రాసి తానే పత్రికలకి పంపాడు. తొలి ప్రెస్‌నోట్ అదేనని ఆ వృత్తివాళ్లు చెప్పుకుంటారు. చెడ్డ వార్తని ముందు మనమే చెప్పేస్తే, దాన్ని ఎలా చెప్పాలన్నది కూడా మన చేతిలోనే ఉంటుందని ఆయన కనిపెట్టాడు. ఈ వృత్తిలో మంచీ చెడూ రెండూ ఆ ఒక్క కిటుకులోంచే పుట్టాయి.

వార్తకీ ప్రకటనకీ మధ్య గట్టు

ఇక్కడి నుంచి కాస్త చిక్కు. జిల్లా పేజీలో ఒక షోరూం ప్రారంభమైందని నాలుగు కాలమ్‌ల ఐటం వచ్చింది. అది వార్తా, యాడా?

మూడు అవకాశాలున్నాయి. ఒకటి, ప్రెస్‌నోట్ వచ్చింది, అందులో జనానికి పనికొచ్చేది ఉందని పత్రిక డెస్క్ అనుకుంది, వేసింది. డబ్బు చేతులు మారలేదు. ఏజెన్సీ భాషలో ఇది సంపాదించుకున్న కవరేజి. రెండు, డబ్బు కట్టారు, పైన చిన్న అక్షరాల్లో "అడ్వర్టోరియల్" అనో "మార్కెటింగ్ ఫీచర్" అనో ఉంది. మూడు, డబ్బు కట్టారు, పైన ఏమీ లేదు. ఈ మూడోదాన్నే పెయిడ్ న్యూస్ అంటాం. డబ్బుగా గానీ వస్తువుగా గానీ ప్రతిఫలం తీసుకుని ఏ మాధ్యమంలోనైనా ఇచ్చే వార్త లేదా విశ్లేషణ అని భారత ప్రెస్ కౌన్సిల్ దీనికి నిర్వచనం ఇచ్చింది. 2010లో దీని మీదే నివేదిక కూడా తెచ్చింది.

చెప్పుకోవడానికి గట్టు స్పష్టంగానే ఉంది, పొలంలోకి దిగితేనే కనపడదు. మండలాల్లో వార్తలు రాసేవాళ్లలో చాలామంది కంట్రిబ్యూటర్లు, జీతగాళ్లు కారు. అచ్చైన లైన్లని బట్టి లెక్కకట్టి ఇచ్చే సొమ్మే వాళ్ల రాబడి, దాన్ని లైన్ అకౌంట్ అంటారు. దసరాకో, ఉగాదికో, పత్రిక వార్షికోత్సవానికో యాడ్‌లు తెమ్మని అదే మనిషికి టార్గెట్ పెట్టడం కూడా మామూలే. పొద్దున యాడ్ ఇమ్మని ఎవరిని అడిగాడో సాయంత్రం వాళ్ల మీదే వార్త రాయాలి. లంచం అనే మాట ఎక్కడా రాకుండానే గట్టు తెగిపోతుంది.

దీనికి రెండో వైపు కూడా నేను చూశాను. కొన్నేళ్ల కిందట ఒక సాంస్కృతిక సంస్థకి ప్రెస్‌నోట్ రాసిపెట్టి, నేనే పట్టుకెళ్లి ఒక సీనియర్ కంట్రిబ్యూటర్‌కి ఇచ్చాను. ఆయన టీ తాగుతూ చదివి, జేబులోంచి పెన్ను తీసి మొదటి రెండు పేరాలు కొట్టేశారు. ఆ రెండు పేరాల నిండా ముఖ్య అతిథుల పేర్లూ బిరుదులే. "ఇందులో వార్త ఏటుంది బాబూ?" అంటూ కిందకి వచ్చి మూడో పేరాలో ఒక వాక్యం కింద గీత గీశారు. తప్పెటగుళ్లు అనే జానపద నృత్యం ఆడే బృందంలో పెద్దాయన వయసు డెబ్బై దాటిందనీ, ఆయన మనవడు కూడా అదే బృందంలో ఆడుతున్నాడనీ ఆ వాక్యం. "ఇదీ. దీన్ని పైకెత్తు." మర్నాడు వచ్చింది అదే. ముఖ్య అతిథులు నొచ్చుకున్నారు. మంచి ఏజెన్సీ నెలకి ఇంత అని తీసుకుని చేయాల్సిన పని ఆయన కప్పు టీకి చేసి పెట్టారు.

సంస్కృతి: క్లయింట్ ఎవరసలు?

ఇప్పుడు మాస్టారి ప్రశ్న దగ్గరకి వద్దాం. జీడిపప్పు వ్యాపారికైతే సరుకు ఉంది, సరుకుకి యజమాని ఉన్నాడు. సిరిమానోత్సవానికి యజమాని ఎవరు? ఆలయం దేవాదాయ శాఖ కింద ఉంది. అనువంశిక ధర్మకర్తలు పూసపాటి వంశం వారు. రోడ్లూ నీళ్లూ నగరపాలక సంస్థవి, బందోబస్తు పోలీసులది. చింతమాను ఎక్కడుందో అమ్మవారు పూజారికి కలలో చెబుతుందని నమ్మకం. ఆ చెట్టు ఎవరి తోటలో ఉంటే వాళ్లు సంబరంగా ఇస్తారు. ఇంతమంది చేతుల మీదుగా జరిగేదాన్ని "మా క్లయింట్" అని ఒక ఏజెన్సీ రాసుకుందంటే, అసలు ఎవరి తరఫున పనిచేసిందో అడగాల్సిందే.

సాధారణంగా జవాబు రెండింట్లో ఒకటి అవుతుంది. పండగతో పాటు ప్రభుత్వం విజయనగరం ఉత్సవాల పేరుతో వేదికలు కట్టి సంగీతం, నాటకాలు, పుష్ప ప్రదర్శన లాంటివి పెడుతుంది. ఆ వేదికలకి ప్రచారం కావాలి, అది ఏజెన్సీ చేయగల పనే. లేదా పండగ దారిలో కనపడాలనుకున్న కంపెనీకి ఏజెన్సీ పనిచేసి ఉంటుంది. ఈ రెండో పనిలో అమ్మవారు క్లయింట్ కాదు, జాగా. మాట కటువుగా ఉంది, కానీ లెక్క అదే.

ఇందులో తప్పేముంది అనేవాళ్ల మాట కూడా వినాలి. బారికేడ్లకి, తాత్కాలిక మరుగుదొడ్లకి, తాగునీటికి డబ్బు కావాలి. స్పాన్సర్ ఇస్తే ఆ మేరకు ఖజానాకి భారం తగ్గుతుంది. పైగా కళని డబ్బున్నవాడు పోషించడం విజయనగరానికి కొత్త కాదు. 1919లో మహారాజావారు సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసుని ప్రిన్సిపాల్‌గా కూర్చోబెట్టారు. ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ చెప్పింది అక్కడే, ఘంటసాల నేర్చుకున్నదీ అక్కడే. దానికి స్పాన్సర్‌షిప్ అని పేరు పెట్టలేదంతే. కళాశాల బోర్డు మీద మహారాజా అన్న మాట నూరేళ్లు దాటినా అలాగే ఉంది కదా, అంతకన్నా గొప్ప లోగో ఏముంటుంది అని మా స్నేహితుడొకడు వాదిస్తాడు.

వాదన సరదాగా ఉంది గానీ ఒకచోట తేలిపోతుంది. సంగీత కళాశాలలో డబ్బు పోయింది పాఠం చెప్పేవాడి జీతానికి, నేర్చుకునేవాడి బసకి. మూడు రోజుల వేదికకి ఇచ్చే స్పాన్సర్‌షిప్‌లో డబ్బు ఎక్కువగా పోయేది వేదికకే. తప్పెటగుళ్లు ఆడేవాళ్లకి ముట్టేది ఆ పూట పారితోషికం, రానుపోను ఖర్చు. ఏజెన్సీ జాబితాలో మాత్రం రెండూ ఒకే మాటతో కనిపిస్తాయి: "కళలకి ప్రోత్సాహం".

ఇంకో సంగతి. పండగ రోజున నిజంగా అవసరమైన కమ్యూనికేషన్ వేరే ఉంది. ఏ రోడ్డు ఎన్ని గంటలకి మూస్తారు, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చే బస్సులు ఎక్కడ ఆపుతారు, పిల్లాడు తప్పిపోతే ఏ టెంటు దగ్గరకి వెళ్లాలి. మైకులో వినపడే ఆ గొంతు ఏ ఏజెన్సీ అవార్డు ఎంట్రీలోనూ నేను చూడలేదు.

ఆట: పతకానికి ముందు, పతకం తర్వాత

క్రీడల్లో కాలమే అసలు సమస్య. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 1994లో, 1995లో వెయిట్‌లిఫ్టింగ్ ప్రపంచ ఛాంపియన్. దేశంలో ఎంతమందికి ఆమె పేరు అప్పటికే తెలుసు? 2000 సెప్టెంబరులో సిడ్నీలో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చాకే ఇంటింటి పేరు అయింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. ప్రపంచ ఛాంపియన్ కావడానికీ, ఇంటింటికీ తెలియడానికీ మధ్య ఆరేళ్లు. స్పాన్సర్ అవసరం ఎక్కువగా ఉండేది ఆ ఆరేళ్లలోనే, కంపెనీలు క్యూ కట్టేది ఆ తర్వాత.

ఏజెన్సీ వాళ్లని అడిగితే న్యాయమైన జవాబే చెబుతారు: "పేరు లేనివాడి మీద డబ్బు పెట్టమని కంపెనీని ఒప్పించడం మా వల్ల కాదు." కంపెనీ కొంటున్నది జనం చూపు, జనం చూపు పతకం మీద ఉంది.

పతకం వచ్చిన మర్నాడు ఇంకో తగువు మొదలవుతుంది. మన ఊళ్లలో అభినందనల ఫ్లెక్సీ చూడండి. గెలిచిన పిల్ల ఫొటో తపాలా బిళ్లంత, అభినందించేవాడి ఫొటో తలుపంత. అది అభినందనా, యాడా? 2021లో టోక్యో ఒలింపిక్స్ తర్వాత పి.వి. సింధు తరఫు ఏజెన్సీ ఇదే ప్రశ్న లేవనెత్తింది. అనుమతి లేకుండా ఆమె పేరూ ఫొటోతో అభినందనల పోస్టులు వేసుకున్న కంపెనీలకి నోటీసులు పంపింది. సంతోషం పంచుకుంటే కేసేమిటని కొందరన్నారు. పక్కన మీ బ్రాండ్ లోగో ఎందుకు మరి అని ఇంకొందరు అడిగారు. ఆటగాడి పేరు, ముఖం కూడా ఆస్తే. వాటిని కాపలా కాయడం కూడా ఏజెన్సీ పనిలో భాగం.

కవరేజిలో కనపడని ఇంకో లోపం ఉంది. నెల్లిమర్ల మండలం కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్ల ఊరు. ఆ ఊరి అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మూడో స్థానంలో నిలిచింది. అందరూ కాంస్యం అని రాశారు. తర్వాత బంగారు పతకం గెలిచిన నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో పట్టుబడింది, సంతోషి పతకం రజతంగా మారింది. మొదటి వార్తకి స్టేజీ, జెండా, కన్నీళ్లు, ఫొటో అన్నీ ఉన్నాయి. రెండో వార్తకి ఒక కాగితం ఉత్తర్వు ఉంది. ఇలాంటి చోట వెంటపడి పాత రాతలన్నీ దిద్దించేవాడు ఒకడుంటే, ఆ ఫీజు దండగ అని నేననను.

మన వైపు పాతకాలపు ఉదాహరణలు రెండున్నాయి, పక్కపక్కన పెడితే తమాషాగా ఉంటాయి. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు సర్కస్ పెట్టి, గుండెల మీద ఏనుగుని నిలబెట్టుకుని, గొలుసులు తెంచి కలియుగ భీముడు అనిపించుకున్నాడు. కండే ఆయన పోస్టరు. ఇటు విజయనగరం రాజవంశం నుంచి వచ్చిన 'విజ్జీ' సొంత డబ్బుతో జట్టు నడిపి, 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టుకి కెప్టెన్ అయ్యాడు. మూడు టెస్టుల్లో చేసిన పరుగులు 33. స్పాన్సరే బ్యాటింగ్‌కి దిగితే ఏమవుతుందో స్కోరుబోర్డు చెప్పేసింది.

వ్యాపారం: ఒప్పుకునే అబద్ధం ఎంత?

వ్యాపారంలో ఎవరి లాభం ఏమిటో తేటగానే కనపడుతుంది కాబట్టి చిక్కు తక్కువ. చూడాల్సింది చెప్పేదానికీ ఉన్నదానికీ మధ్య దూరం.

పొందూరు ఖద్దరు సంగతి తీసుకోండి. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ సన్నటి పళ్ల మధ్య నుంచి నూగు విడివడి మెత్తగా వచ్చాక ఏకి, చుట్టి, రాట్నం మీద వడుకుతారు. గాంధీజీ మెచ్చిన బట్ట ఇది. ఇంత కథ ఉన్నదానికి ఏజెన్సీ కల్పించాల్సిందేమీ లేదు, ఉన్నది ఉన్నట్టు చూపిస్తే చాలు. ఒక దువ్వెన, ఒక చెయ్యి, అర నిమిషం వీడియో. ఇబ్బంది ఆ తర్వాత వస్తుంది. వీడియో చూసి వెయ్యి మంది ఆర్డరిస్తే, నేసేవాళ్లు ఎందరున్నారు? గిరాకీకీ సరుకుకీ మధ్య ఏర్పడే ఆ ఖాళీలోకే మిల్లు బట్ట "పొందూరు" పేరుతో దూరుతుంది. బొబ్బిలి వీణదీ ఇదే కథ. దానికి భౌగోళిక గుర్తింపు ఉంది, గొల్లపల్లిలో పనస మానుతో చెక్కుతారు. సభల్లో జ్ఞాపికగా ఇచ్చే చిన్న వీణలకి ప్రచారం వల్ల ఆర్డర్లు పెరగొచ్చు. కచేరీ వీణకి కావాల్సిన పనస మాను మాత్రం ప్రచారంతో పెరగదు.

దీనికి తిరకాసు ఉదాహరణ ఒకటి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఉంది. కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. ఇప్పుడు ఒక వాటర్ ఫిల్టర్ కంపెనీ "మా నీళ్లు తాగితే కిడ్నీ జబ్బు రాదు" అని పలాసలో రీల్ చేయించిందనుకుందాం. చేసింది స్థానికంగా పేరున్న కుర్రాడు. డబ్బు తీసుకున్నట్టు ఎక్కడా చెప్పలేదు. కారణమే తేలని జబ్బుకి విరుగుడు ఉందనడం తప్పుదారి పట్టించే ప్రకటన అవుతుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కంపెనీకి 10 లక్షల దాకా, మళ్లీ మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా పడొచ్చు. ప్రచారం చేసినవాడికీ జరిమానా తప్పకపోవచ్చు, పైగా ఏడాది పాటు, మళ్లీ చేస్తే మూడేళ్ల దాకా, ఏ వస్తువుకీ ప్రచారం చేయకుండా నిషేధించొచ్చు. చెప్పే ముందు నిజానిజాలు తాను విచారించుకున్నట్టు చూపించగలిగితేనే అతనికి రక్షణ. డబ్బు గానీ ఉచిత సరుకు గానీ తీసుకుంటే ఆ సంగతి చూసేవాళ్లకి తెలిసేలా చెప్పాలన్నది కూడా నిబంధనే. మన జిల్లా రీల్స్‌లో అది ఎంతవరకు అమలవుతోందో మీ ఫోనే చెబుతుంది.

ఒకే రూపాయి, మూడు ఖాతాలు

ఇప్పుడు ఆ జాబితాని మళ్లీ చూద్దాం. సంస్కృతి, క్రీడలు, వ్యాపారం అని మూడు వరసలున్నా, డబ్బు చాలాసార్లు ఒకే జేబులోంచి వస్తుంది. ఉత్సవ వేదికకి స్పాన్సర్ ఒక కంపెనీ. మారథాన్ టీషర్ట్ మీద అదే కంపెనీ. షోరూం ఎలాగూ వాళ్లదే. ఏజెన్సీకి క్లయింట్ ఒక్కరే, జాబితాలో మాత్రం మూడు రంగాల అనుభవం. ఇది అబద్ధం కాదు, మూడు చోట్లా పనిచేసిన మాట నిజమే. కాకపోతే చదివేవాడికి మూడు చెట్లు కనిపిస్తాయి, వేరు ఒక్కటే.

ఇందులో చట్టం పట్టించుకునే గీత ఒకటుంది, సీఎస్‌ఆర్, అంటే కంపెనీల సామాజిక బాధ్యత. 2013 కంపెనీల చట్టం ప్రకారం నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు దాటిన కంపెనీ, గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక పనులకి ఖర్చుపెట్టాలి. గ్రామీణ క్రీడలకి, ఒలింపిక్ క్రీడలకి శిక్షణ, కళలు, సంప్రదాయ హస్తకళల ప్రోత్సాహం ఆ పనుల జాబితాలో ఉన్నాయి.

లెక్క వేద్దాం. ఊహించిన కంపెనీ, ఊహించిన అంకెలు. మూడేళ్ల లాభాలు 8, 10, 12 కోట్లు. సగటు 10 కోట్లు, అందులో 2 శాతం అంటే 20 లక్షలు. ఒక ఊరి వ్యాయామశాలకి 6 లక్షలతో బార్‌బెల్‌లు, ప్లేట్లు, ప్లాట్‌ఫాం కొనిచ్చి, కోచ్‌కి జీతం ఇచ్చింది. ఇది సీఎస్‌ఆర్. అదే 6 లక్షలు ఒక టోర్నమెంటుకి ఇచ్చి, కప్పుకి తమ సిమెంటు పేరు పెట్టాలని, గ్రౌండు చుట్టూ తమ బోర్డులు ఉండాలని షరతు పెట్టింది. సొంత సరుకుకి మార్కెటింగ్ లాభం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్ సీఎస్‌ఆర్ కిందకి రాదని నిబంధనల్లో స్పష్టంగా ఉంది. కాబట్టి ఇది ప్రకటన ఖర్చు. చేయకూడనిదేమీ కాదు, ఆ 20 లక్షల్లోంచి తీసి చూపించకూడదు, అంతే.

మధ్యలో బూడిద రంగు జాగా ఉంది. వ్యాయామశాల గోడ మీద "ఫలానా కంపెనీ సౌజన్యంతో" అని చిన్న పలక ఉంటే? ఇచ్చినవాడి పేరు చెప్పడం మర్యాద అని ఒక పక్షం. పలక కాస్తా గోడంత పెరిగితే అది హోర్డింగే కదా అని ఇంకో పక్షం. ఎన్ని అంగుళాల దగ్గర సౌజన్యం యాడ్ అవుతుందో ఏ రూలు పుస్తకంలోనూ లేదు.

కటింగ్‌ల బరువు ఎంత?

పని అయ్యాక ఏజెన్సీ క్లయింట్‌కి ఒక ఫైలు ఇస్తుంది. పేపర్ కటింగ్‌లు, లింకులు, చివర ఒక పెద్ద అంకె. ఆ అంకె ఎలా పుడుతుందో చూడటం ఈ వ్యవహారంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం.

మళ్లీ ఊహ. ఒక మారథాన్‌కి 36 కటింగ్‌లు వచ్చాయి. స్కేలు పెట్టి కొలిస్తే మొత్తం 1,800 చదరపు సెంటీమీటర్లు. అదే జాగాలో యాడ్ వేస్తే చదరపు సెంటీమీటరుకి 300 రూపాయలు అనుకుంటే, 5 లక్షల 40 వేలు. "వార్తకి యాడ్ కన్నా మూడింతలు నమ్మకం ఎక్కువ" అని మూడుతో గుణిస్తారు. 16 లక్షల 20 వేలు. క్లయింట్ ఇచ్చిన ఫీజు 2 లక్షలు. ఎనిమిది రెట్లు లాభం!

ఇప్పుడు మెల్లగా విప్పండి. ఆ 36లో ఎన్ని ఒకే ప్రెస్‌నోట్‌కి పేర్లు మార్చిన నకళ్లు? 300 అన్న రేటు జిల్లా పేజీదా, రాష్ట్రమంతా వచ్చే పేజీదా? ట్రాఫిక్ ఆగిపోయిందని తిట్టిన వార్త కూడా ఆ చదరపు సెంటీమీటర్లలో ఉందా? మూడు అన్న అంకె ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు, వాడుకలో పడిపోయింది. ఈ పద్ధతికి ప్రకటన విలువ లెక్క అని పేరు. 2010లో బార్సిలోనాలో ఈ వృత్తిలోని కొలతల నిపుణులే సమావేశమై, ఇది కమ్యూనికేషన్ విలువని చెప్పదని తేల్చేశారు. అయినా వాడుక పూర్తిగా పోలేదు. బోర్డు మీటింగులో ఎండీ గారికి చూపించడానికి ఒక రూపాయి గుర్తు కావాలి, అది ఇంకే పద్ధతిలోనూ అంత తేలిగ్గా రాదు.

"రీచ్", అంటే ఎంతమందికి చేరిందన్న లెక్క, కూడా ఇలాంటిదే. ముగ్గురు రీల్స్ చేసేవాళ్లకి 80 వేలు, 60 వేలు, 40 వేల మంది ఫాలోయర్లు ఉంటే జాబితాలో 1 లక్షా 80 వేలు అని పడుతుంది. శ్రీకాకుళం లాంటి ఊళ్లో ఈ ముగ్గురినీ చూసేది ఇంచుమించు ఆ కుర్రాళ్లే. పైగా ఫాలో అయినవాడల్లా రీల్ చూసినట్టు కాదు.

మరి ఏది అడగాలి? మారథాన్‌కి రిజిస్టర్ అయినవాళ్లలో "మీకెలా తెలిసింది" అన్న గడి నింపినవాళ్లు ఎంతమంది, వ్యాయామశాలలో నెల తర్వాత కొత్తగా చేరిన పిల్లలెందరు, పొందూరు ఖద్దరు అమ్మకం ఆ మూడు నెలల్లో పోయినేడాదికన్నా ఎంత మారింది. ఇవి చిన్న అంకెలుగానే వస్తాయి, పోస్టులో పెడితే ఆకర్షణగా ఉండవు. ఏజెన్సీ పక్షాన ఒక మాట చెప్పాలి: అమ్మకం పెరగడానికి వాన, ధర, పెళ్లిళ్ల సీజన్ కూడా కారణాలే, అందులో మా వాటా ఎంతో విడదీయడం కష్టం అంటారు. అదీ నిజమే. విడదీయలేనప్పుడు 16 లక్షలు అని కచ్చితంగా ఎలా రాశారన్నది మాత్రం నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇదంతా రాసి గ్రూపులో పెడితే మాస్టారు చదివి, "అయితే పీఆర్ అమ్మవారిక్కాదు, బంగారం షాపు ఆర్చికన్నమాట" అన్నారు. ఆయన మాటలో కొంచెం అన్యాయం ఉంది. ఆ ఉత్సవాల వేదిక మీద తప్పెటగుళ్లు మొదటిసారి చూసిన విజయనగరం పిల్లలు నాకు తెలుసు, వాళ్లు అక్కడికి వచ్చింది ఫోన్లో పోస్టు చూసే.

సిరిమాను వెళ్లిన మూడో రోజుకి ఫ్లెక్సీలు దిగిపోతాయి. చీపురుపల్లి దగ్గర మా పిన్ని వాళ్ల పశువుల సాలకి పోయినేడాది ఒకటి చేరింది, వాన కారకుండా. అక్షరాలు లోపలి వైపుకి ఉన్నాయి. రెండు గేదెలు ఏడాదిగా ఒక బంగారం షాపు తరుగు లేని ఆఫరు కిందే పడుకుంటున్నాయి. ఆ రీచ్ ఏ ఫైల్లోనూ ఎక్కలేదు.